డబ్బాలో లసుమవ్వ ఊపిరి

ఫిబ్రవరి 12, గురువారం

రాయి స్వర్ణా. నువ్వు పుస్తకాల భాష చదువుకున్న కోడలివి కాబట్టి నా మాటలు దిద్దుకుంటే దిద్దుకో, నేనేమీ అనను. ఎదుటివాళ్లు అన్నది మాత్రం వాళ్లు అన్నట్టే పెట్టు. రేపు ఈ దవాఖాన సంగతి పెద్దమనుషుల ముందు పెట్టాల్సి వస్తే భాగ్యవ్వ మాట మార్చింది అని ఒక్కడు కూడా అనకూడదు. అప్పటిదాకా ఇది ఎవరికీ చదివి వినిపించవద్దు. నా కొడుక్కి కూడా. రాసి నా పెట్టెలో వేసేయి.

లసుమవ్వ దగ్గు చలికాలంతో పాటు పోతుందనుకున్నాం, పోలేదు. నా మరిది పెళ్లామని, ఒక ఇంటికి వచ్చిన ఏరాళ్లమని పోట్లాడుకుంటూ బతికాం గానీ, ఇన్నేళ్లూ ఒకే అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని బీడీలు చుట్టినదాని దగ్గు నాకు తెలియదా. ఇది వేరే దగ్గు. అందుకని ఇవాళ మార్కెట్ యార్డు వెనకాల దవాఖానకు ఈడ్చుకుపోయాను.

ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ శోభారాణి దాన్ని టీవీ లాంటిదాని మీద చూపించింది. మనిషిని కోయకుండా, గుడ్డ విప్పకుండా లోపలంతా చూపిస్తుంది ఆ మిషన్. లసుమవ్వ తల తిప్పుకుంది. నేను చూశాను. కుడి పక్క పైన, పక్కటెముకల వెనకాల, చిక్కుడు గింజంత తెల్లటి మచ్చ.

"గీ మచ్చ పాతదా కొత్తదా, గదే తెల్వాలె" అంది డాక్టరమ్మ. "మూడేండ్ల కింద గూడ గీమెకు గిక్కడ్నే ఎక్స్‌రే తీసినం. గా దాంట్ల గూడ గిట్లనే ఉంటే ఫికర్ లేదు, ఎప్పుడో వచ్చి మానిన పుండు మచ్చ అనుకోవచ్చు. గప్పుడు లేకుంటే మాత్రం హైదరాబాద్ పోవాలె. సూది పెట్టి ముక్క తీసి చూస్తరు."

"హైదరాబాద్ నేను పోను" అంది లసుమవ్వ.

"జర ఆగమ్మా, పాతది చూడనియ్యి ముందు."

పాతది చూద్దామని కంప్యూటర్‌లో వెతికితే లేదు. లసుమవ్వది ఒక్కటే కాదు, పాతవి ఏవీ లేవు. ఎక్స్‌రేలు తీసే గంగాప్రసాద్ వచ్చి నొక్కాడు, మళ్లీ నొక్కాడు. తెల్లటి ఖాళీ తప్ప ఏమీ రాలేదు.

"వారం సంది గిట్లనే ఉన్నది మేడం. గజేందరన్నకు ఫోన్ చేసిన, పండుగ ఎల్లినంక వస్త అన్నడు."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "గప్పుడు మీకిచ్చిన ఫిల్మ్ ఇంట్ల ఉన్నదా అవ్వా?"

ఉందన్నాను.

బయటికి వచ్చాక లసుమవ్వ మళ్లీ అదే మాట అంది. "మచ్చ కొత్తదే అనుకో అక్కా. నేను పోను. మా ఆయనను హైదరాబాద్ తీస్కపోయి ఎట్ల తెచ్చిండ్రో చూసిన. నా అరుగు మీదనే ఉంట."

ఫిల్మ్ సంగతి రేపు చెప్తాను. ఇవాళ్టికి మూసేయి.

ఫిబ్రవరి 13, శుక్రవారం

ఫిల్మ్ ఉంది. ముక్కలుగా ఉంది.

దీంట్లో ఎవరూ తప్పు పట్టాల్సింది లేదు. బీడీ చుట్టే ప్రతి ఆడదానికీ తెలుసు, తునికాకు మీద రేకు పెట్టి దాని అంచు వెంబడి కత్తెర తిప్పాలి. అన్ని ఆకులూ ఒక్క కొలతకు రావాలి, లేకపోతే కార్ఖానాలో బీడీలు తీసి అవతల పారేస్తారు. ఇనుప రేకు తుప్పు పడుతుంది, వేలు కోస్తుంది. ఎక్స్‌రే ఫిల్మ్ తుప్పు పట్టదు, వేలు కోయదు, బరువుండదు. గోడకు నిలబెట్టి చూసుకోవడానికి మనమేమైనా డాక్టర్లమా. మంచి సరుకు వృథా పోకూడదని కోసి ముక్క ఒకరికి పంచాను. దాచుకోండి అని ఆ రోజు ఎవరైనా చెప్పారా. చెప్పలేదు. ఆ మాట కూడా రాయి.

పొద్దున లేచి వాడకట్టంతా తిరిగాను. ఒక ముక్క నీ దగ్గరే ఉంది. ఒకటి గంగాదాస్ పెళ్లాం చాటలో దొరికింది, ఇవ్వనంది.

"చేతికి అలవాటైన రేకు పెద్దమ్మా. కొత్తదాంతోటి నాకు కొలత రాదు."

"అది నా ఏరాలి బొక్కనే. ఇయ్యి."

ఇచ్చేసింది. అప్పుడు చూసుకుంది దాన్ని వెలుతురుకు పెట్టి, అందులో ఉన్న ఎముకను. ఇన్నాళ్లూ చూడలేదట.

మిగతా రెండు ముక్కల్లో ఒకటి నాది. ఇంకొకటి లసుమవ్వ దగ్గరే ఉంది. మూడేళ్లుగా ఆమె తన రొమ్మునే ఆకు మీద పెట్టి కోసుకుంటోంది. ఆ ముక్క అడిగితే మాట్లాడకుండా చాటలోంచి తీసి ఇచ్చింది. మామూలుగా అయితే గ్లాసెడు నీళ్లు అడిగినా ఒక మాట అంటించి గానీ ఇవ్వదు.

అన్నీ కొంగున కట్టుకుని దవాఖానకు పోయాను. డాక్టరమ్మ నవ్వుతుందనుకున్నాను, నవ్వితే అనడానికి మాట కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె నవ్వలేదు. గోడకున్న లైటు డబ్బా వేసి, తంబాకు మరకలు తడిగుడ్డతో తుడిచి, ఒక్కొక్క ముక్కా అతికించి చూసింది. భుజం వచ్చింది. పక్కటెముకలు వచ్చాయి. కింద గుండె నీడ వచ్చింది. చిన్నపిల్లలు పగిలిన పలక అతికించినట్టు మా లసుమవ్వ ఆ గోడ మీద లేచి నిలబడింది.

మచ్చ ఉండాల్సిన చోట లసుమవ్వ దగ్గరున్న ముక్క వచ్చింది. అది ఎక్కువ వాడిన ముక్క. కత్తెర మొన రాసీ రాసీ అక్కడంతా తెల్లగా గీరుకుపోయింది.

"గీతలే ఉన్నయి అవ్వా" అంది డాక్టరమ్మ. "మచ్చ ఉన్నదో లేదో నేను చెప్పలేను. గజేందర్ వచ్చి కంప్యూటర్ బాగుచేస్తెనే."

నాకేం ఫికర్ లేదు. ఇంటికి వచ్చి అన్నం తిన్నాను.

ఫిబ్రవరి 14, శనివారం

లసుమవ్వ తన కత్తెర తెచ్చి నీకు ఇచ్చింది, ఇక తనకు అక్కర్లేదట. నాటకం. ఇవాళ రాయడానికి ఏమీ లేదు.

ఫిబ్రవరి 15, ఆదివారం, శివరాత్రి

ఒక్కపొద్దు ఉన్నాను. సిద్ధుల గుట్ట ఎక్కాను. మోకాళ్లు బాగుండాలని నాకు పాత మొక్కు ఒకటి ఉంది, దానికే ఎక్కాను. స్వర్ణా, ఎందుకు రాయడం ఆపావు. దానికే ఎక్కాను అని రాయి.

లసుమవ్వ కింద మెట్ల దగ్గరే కూర్చుంది. నేను దిగి వచ్చేసరికి ఎవరో పిల్లకు జడ వేస్తోంది. ఎవరి పిల్లనే అంటే తెలియదంది.

ఫిబ్రవరి 16, సోమవారం

గజేందర్ వచ్చాడు. బాల్కొండ మనిషి, దోహాలో చాలా కాలం ఉండి వచ్చి ఇక్కడ కంప్యూటర్ల దుకాణం పెట్టాడు. దవాఖానలో ఈ సామానంతా బిగించింది అతనే. మనిషి మంచివాడే గానీ చెయ్యి కంటే నోరు ముందు నడుస్తుంది.

నేను పొద్దుటి నుంచే ఎక్స్‌రే గది గుమ్మంలో కూర్చున్నాను. గంగాప్రసాద్ బయట బెంచీ ఉందన్నాడు. అది జబ్బున్నవాళ్లకు అన్నాను.

"ఏం లేదవ్వా, పసుపు సీజన్ల గింతే" అన్నాడు గజేందర్, వస్తూనే. "యార్డుకెళ్లి దుమ్మంతా గీడికే వస్తది. లోపల ఇరుక్కుంటది."

కంప్యూటర్ విప్పాడు. నిజంగానే లోపలంతా పచ్చగా ఉంది. బ్రష్షుతో తీస్తే గుప్పెడు వచ్చింది, ఒక పూట పప్పులోకి సరిపోను. మళ్లీ బిగించి నొక్కాడు. అదే తెల్లటి ఖాళీ. వైర్లు పీకి పెట్టాడు. ఖాళీ. కొత్త వైరు తెప్పించి వేశాడు. ఖాళీ.

"నువ్వు బాగుచేస్తున్నవా, తోమి పెడుతున్నవా?" అన్నాను.

"జర ఓపిక వట్టు అవ్వా."

"ఓపిక నాకు మస్తున్నది. మచ్చకు ఉన్నదో లేదో."

అప్పుడు నా దిక్కు చూశాడు. ఎవరికని అడిగాడు. చెప్పాను. వెంటనే వంగి కంప్యూటర్ మళ్లీ విప్పాడు.

మధ్యాహ్నం నన్ను లోపలికి పిలిచి, అల్మారీలో ఉన్న నల్లటి డబ్బా చూపించాడు. ఇటుకంత ఉంటుందేమో, ముందర పచ్చటి లైటు మిణుకుమిణుకుమంటోంది.

"ఎక్స్‌రేలన్ని గీ డబ్బాలనే ఉంటయి. కంప్యూటర్‌ల ఏం ఉండదు. అది వైరు పట్టుకొని గీడికొచ్చి చూసి చెప్తది, గంతే. ఇప్పుడు వచ్చుడు వస్తుంది గని, లోపలికి పోతలేదు."

"మరి లోపలియి పోయినయా?"

"పోలే. లైటు కొడుతుంది చూడు. అన్ని మంచిగనే ఉన్నయి."

"అన్ని అంటే ఎవలెవలయి?"

"ఈ దవాఖానల తీయించుకున్నోళ్లు అందరియి. ఆర్మూర్, జక్రాన్‌పల్లి, కమ్మర్‌పల్లి."

"సచ్చినోళ్లయి?"

"ఎవరు తీసేస్తరు అవ్వా. గవి గూడ ఉంటయి."

స్వర్ణా, ఇది నిదానంగా రాయి. ఆ డబ్బా మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది, కోడి పొదిగిన గంపలా. లోపల చిన్నగా రొద పెడుతోంది. ఊళ్లకు ఊళ్ల ఊపిరి అందులో ఉంది. పసుపు ఉడకబెట్టేవాళ్లది, బీడీలు చుట్టేవాళ్లది, మస్కట్ పోయేముందు పరీక్షకు వచ్చిన పిల్లలది, కాలిపోయి బూడిదైనవాళ్లది కూడా. అందరూ ఇటుకంత డబ్బాలో ఒకరి మీద ఒకరు పడుకుని, ఎవరైనా పిలిస్తే పలుకుదామని లైటు వెలిగించుకుని ఉన్నారు. పిలిచేవాడికే గొంతు పోయింది. గుళ్లో కూడా నేను అంతసేపు కదలకుండా నిలబడలేదు. చెయ్యి తియ్యి అవ్వా, వైరు ఊడుతది అని గంగాప్రసాద్ అంటే తీశాను.

సాయంత్రానికి గజేందర్ చేతులు తుడుచుకున్నాడు. "డబ్బాలనే ఏదో అయినట్టుంది మేడం. హైదరాబాద్ పంపుదాం."

"మనిషికి రోగమొచ్చినా హైదరాబాదే, డబ్బాకు రోగమొచ్చినా హైదరాబాదేనా?" అన్నాను. "రేపు పొద్దుగాల్నే రా. నేను గీడనే ఉంట."

ఇంటికి వచ్చేసరికి లసుమవ్వ అరుగు ఊడ్చి నా పీట వేసి ఉంచింది. ఆమె పీట వేసుకోలేదు. తంబాకు వాసనకు దగ్గు వస్తుందట. ఇన్నేళ్లు రానిది.

ఫిబ్రవరి 17, మంగళవారం

ఇవాళ లసుమవ్వను కూడా తీసుకుపోయాను. రానంటే, ఒక్కదాన్ని పోతే ఎండకు కళ్లు తిరుగుతున్నాయని అబద్ధం చెప్పాను. వచ్చింది గానీ బయట బెంచీ మీదే కూర్చుంది.

గజేందర్ నోరు తగ్గింది. దోహాలో అతనితో పనిచేసిన రఘునందన్ అనే అతనికి ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టాడు. డాక్టరమ్మ కూడా వచ్చి నిలబడింది.

"డబ్బా మంచిగున్నదా?" అని ఫోన్‌లోంచి అడిగాడు.

"మంచిగనే ఉన్నది. నా ల్యాప్‌టాప్ పెట్టి చూసిన, అది గూడ పోతలేదు."

"నీ ల్యాప్‌టాప్ కొత్తదే గదరా. దవాఖాన కంప్యూటర్‌ల ఏం మార్చినవ్?"

"నేనేం మార్చలే."

"నువ్వు కాదు. ఎవరన్నా?"

గంగాప్రసాద్ గోడ మీద క్యాలెండర్ చూస్తున్నాడు. నేను అతని దిక్కే చూశాను.

"మొన్నటి వారం అప్‌డేట్ అడిగిందన్నా" అన్నాడు మెల్లగా. "నొక్కిన."

"అడిగినోనికల్ల ఇస్తవా నువ్వు?" అన్నాను.

"నేనే నొక్కమన్న అవ్వా" అంది డాక్టరమ్మ. "రోజు అడుగుతుంటే నాకే ఇసుగొచ్చింది."

ఫోన్‌లో రఘునందన్ నవ్వాడు. "గదే అయ్యింది. కెర్నల్ మారింది."

కెర్నల్ అంటే ఏమిటని అడిగాను. ఎవరు మాట్లాడుతున్నారని ఫోన్ అడిగింది. జబ్బు మనిషి ఏరాలిని అన్నాను. అతను ఓపిగ్గానే చెప్పాడు. కంప్యూటర్ లోపల అన్ని పనులూ నడిపించే అసలు మూలం అదట. దాని మాట లేకుండా వైరులో ఏదీ కదలదు. కొత్తగా వచ్చిన కెర్నల్ దొంగల భయంతో కట్టుదిట్టం చేసుకుంది. ఆ నల్ల డబ్బా పాతది, పాత పద్ధతిలోనే తాళంచెవి అడుగుతుంది. అలాంటి కచ్చా తాళంచెవి నేను ఇవ్వను అంటుంది కొత్త కెర్నల్. ఇది ఇవ్వదు, అది తీయదు. ఎవరిలోనూ రోగం లేదు.

"మరి కొత్తదాన్ని పీకి పాతది తెస్తరా? పాతది యాడున్నది?" అన్నాను.

"యాడికి పోలే అవ్వా. అండ్లనే ఉంటది. కొత్తది వచ్చినా పాతదాన్ని పారెయ్యదు కంప్యూటర్. పక్కన పెట్టుకుంటది. గజేందర్, బంద్ చేసి మళ్లీ చాలు చెయ్యి. చాలు అయ్యేటప్పుడు లిస్టు వస్తది, కిందున్నది పట్టుకో."

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. మనుషులు కొత్తది రాగానే పాతదాన్ని ఎక్కడ పారేస్తారో నాకు తెలుసు. ప్రాణం లేని మిషన్, తనను కాదని ఇంకొకటి వచ్చి కూర్చున్నా పాతదాన్ని చంపకుండా పక్కన పడుకోబెట్టుకుంటుందట, ఏనాటికైనా అవసరం పడుతుందేమోనని. ఈ బుద్ధి దానికి ఎవరు నేర్పారో గానీ వాళ్ల తల్లి కడుపు చల్లగా ఉండాలి.

కంప్యూటర్ చీకటైంది. నల్లటి దాని మీద తెల్లటి అక్షరాల వరసలు వచ్చాయి. పైది కొత్తది, కిందది పాతది అని గజేందర్ వేలు పెట్టి చూపించాడు. కిందది పట్టుకున్నాడు. అక్షరాలు పొగలా పైకి పోయాయి.

తరువాత అతను ఎప్పటి బొమ్మ మీదే మళ్లీ నొక్కాడు.

ఖాళీ నిండింది. పసుపు కుప్ప మీద బస్తా కుమ్మరించినట్టు పేర్లు వచ్చి పడ్డాయి, ఇంకా పడుతూనే ఉన్నాయి. అవి పేర్లని డాక్టరమ్మ చెప్తే తెలిసింది, నాకు చీమల బారులే. ఒక్కొక్క చీమ ఒక్కొక్క మనిషి. నేను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. గజేందర్ తనకేమో అనుకుని వద్దవ్వా అన్నాడు. నీకు కాదు అన్నాను.

లసుమవ్వలు మా దేశంలో గంపెడు. డాక్టరమ్మ సంవత్సరం పట్టుకుని, మొగుడి పేరు భూమన్న అని పట్టుకుని వెతికింది. దొరికింది. నొక్కింది. మూడేళ్ల కిందటి లసుమవ్వ నిండుగా, ఒక్క గీత లేకుండా, ఒక్క తంబాకు మరక లేకుండా వచ్చి నిలబడింది. పక్కన గురువారం తీసిన లసుమవ్వను పెట్టింది.

నేను మచ్చ కోసం చూడలేదు. కళ్లు మూసుకున్నాను. కెర్నల్ దాకా చూసినదాన్ని, అది చూడలేకపోయాను. రాయి స్వర్ణా, చూడలేకపోయాను అనే రాయి.

డాక్టరమ్మ ఏదో నొక్కి కొలుస్తున్న చప్పుడు. మళ్లీ కొలిచింది.

"అవ్వా" అంది. "కండ్లు తెరువు. గప్పుడు గూడ ఉన్నది. గదే జాగల, గంతే ఉన్నది. ఎంటికంత గూడ పెరగలే."

"హైదరాబాద్?"

"అవుసరం లేదు. దగ్గుకు మందు రాస్త. ఆర్నెల్లకు మళ్లొకసారి చూద్దాం."

గజేందర్ గంగాప్రసాద్‌కు చెప్తున్నాడు, ఈ డబ్బాలోవన్నీ కొత్త డబ్బాలోకి ఎక్కించేదాకా అప్‌డేట్ ఎంత అడిగినా నొక్కవద్దని. నొక్కితే నేను వస్తానని నేను చెప్పాను.

బయటికి పోయి లసుమవ్వ ముందు నిలబడ్డాను. ఆమే నా మొహం చూసి లేచి నిలబడింది.

"పాతదేనా?" అంది.

తల ఊపాను.

ఇవాళ్టికి ఆపేయి.

ఫిబ్రవరి 18, బుధవారం

పెద్దమనుషుల దగ్గర పెట్టే పని ఇక లేదు. అయినా నిన్న చెప్పని ముక్క ఒకటి ఉంది, రాసుకో.

ఆటో వద్దు, నడుద్దామంది లసుమవ్వ. యార్డు వెంబడి వచ్చాం. ఎండకు పసుపు కుప్పలు మంటలా ఉన్నాయి, హమాలీలు దారి ఇవ్వమని అరుస్తున్నారు. కొంత దూరం వచ్చాక అడిగింది.

"అక్కా. నా లోపల ఎట్లున్నది?"

"నువ్వు చూడకపోతివి. చూసినోళ్లను అడుగుతవా?"

"నాకు భయమైంది. చెప్పరాదు."

ఆమెను నేను పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఒక్క మాట మెచ్చుకుని ఎరుగను. వంట బాగుందని అనలేదు, చీర బాగుందని అనలేదు. నిన్న అబద్ధం చెప్పడానికి నాకు ఏమీ తోచలేదు.

"మస్తున్నదే" అన్నాను. "రాత్రి పూట వెన్నెల పడ్డప్పుడు పసుపు చేను చూసినవా, బోదెలు బోదెలుగ? గట్లున్నయి నీ బొక్కలు. ఒక్క బోదె వంకర లేదు. నడుమ నీ గుండె ఉన్నది, పెద్దగనే ఉన్నది, నేననుకోలే. మచ్చ గా మూలకు, ఎవరో ఎన్నడో పెట్టి మర్చిపోయినట్టున్నది."

ఆమె తల వంచుకుని నడుస్తోంది. నాకు భయం వేసింది.

"నోరొక్కటి రాలేదు పటంల" అన్నాను. "వస్తే మిషన్ పలిగిపోతుండె."

నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది, దగ్గుతూనే నవ్వింది. పక్కన బస్తా మీద కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. హమాలీ ఎవరో లెమ్మంటే, ఊకోరా, మా అక్క నాకు నా కథ చెప్తుంది అంది.

తరువాత నా చెయ్యి పట్టుకుని లేచింది.

"మళ్లొకసారి చెప్పు. గా బోదెల కాడికెల్లి."

బోదెల దగ్గర్నుంచి చెప్పాను. ఇల్లు వచ్చింది. అరుగు ఎక్కాక కూడా ఇంకోసారి చెప్పాను.